పుస్తకం నడక

వరహాలు చేతుల్ని కన్నకూతురే దొంగిలించింది. ఇది అనుమానం కాదు, అయిపోయిన సంగతి. దీని మీద ఎవరైనా సర్దిచెప్పబోతే అతను మొహం గోడవైపు తిప్పుకుంటున్నాడు.

బుధవారం పొద్దున స్టీలు యార్డు గేటు దగ్గర నిలబడి కళ్లారా చూశాడు. అది తాను ముప్ఫై ఒక్క ఏళ్లు నడిపిన క్రేను. పైన క్యాబిన్‌లో కుర్చీ ఖాళీ. అయినా ఇనుప తీగచుట్ట నేల విడిచి లేచింది, ఊగింది, వ్యాగను మీదికి వచ్చి ఆగింది. ఆ ఆగడం తనది. తన దగ్గు తనకు తెలియదా మనిషికి?

వేలాడే బరువు ఊగుతుంటే దాన్ని పట్టి ఆపడాన్ని క్రేను వాళ్లు ఊపు చంపడం అంటారు. అందులో వరహాలు తర్వాతే ఎవరైనా అని యార్డులో పేరు. అందుకే రిటైరైన మనిషిని కంపెనీ మళ్లీ పిలిచి క్యాబిన్ ఎక్కించింది. లీవర్లకు డబ్బాలు బిగించి, వేళ్లకు తీగలు తగిలించి, వెనక పీట వేసుకుని నలభై ఒక్క రోజులు కూతురు హిమబిందు ఆ చేతి కదలికలన్నీ రాసుకుంది. కంపెనీ చదివిస్తున్న పీహెచ్‌డీ అది. రోబో కంట్రోల్ అంటారు.

"మిషను ఆపరేటరు పక్కన ఉండి సాయం చేస్తుంది నాన్నా, అంతే" అని చెప్పింది అప్పుడు.

పక్కన ఉంటుందన్నది కుర్చీలోకి వచ్చేసింది.

ఇవాళ శనివారం. తండ్రీకూతుళ్లకు మాటలు లేక నాలుగో రోజు.

పెరట్లో అతను అప్పా అని పిలిచే అక్క చిలకమ్మ చేపల పొలుసు గీకుతోంది. వరహాలు అరుగు మీద కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు గాని, చెవి మాత్రం బిందు గది తలుపు మీదే ఉంది. లోపల ఫోన్లో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది. మంచి మాటయితే గొంతు తగ్గించడం దేనికి?

తలుపు తెరుచుకుంది. బిందు వచ్చి తండ్రికి రెండడుగుల దూరంలో నిలబడి, పెరట్లోకి చూస్తూ అంది.

"అత్తా, నాన్నకి చెప్పు. నాలుగింటికి ఉదయ్‌కుమార్ గారు ఇంటికి వస్తారు."

"నీ పక్కనే ఉన్నాడు కదే. నువ్వే సెప్పీ."

"నువ్వు చెప్పు అత్తా."

చిలకమ్మ కత్తి పక్కన పెట్టింది. "ఒరే వరాలూ, నాలుగ్గంటలకి కంపినీ ఆయన వత్తాడట."

"ఇనబడింది. ఎందుకట?"

"ఎందుకటే?"

"ట్రయల్ సరిగ్గా రాలేదు. నాన్నని ఏవో అడగాలట."

"నా సేతులు సాల్లేదటా? కాళ్లు కూడా కావాలేటో కనుక్కోయే అప్పా."

"కాళ్లు కావాలటే?" అని చిలకమ్మ నిజంగానే అడిగింది.

ఎవరూ నవ్వలేదు. బిందు తండ్రి వైపు తిరిగింది. నాలుగు రోజుల్లో మొదటిసారి.

"నాకూ సాయమనే చెప్పారు నాన్నా. స్పాన్సర్ కాగితంలో అదే ఉంది. ఖాళీ క్యాబిన్ అని బుధవారం పొద్దున యార్డుకి వెళ్లాకే తెలిసింది."

"అప్పా, పుస్తకంలో నా పేరు ఏటని రాసినాదో సెప్పమను దాన్ని."

"పేర్లు రాయకూడదు నాన్నా. రూలు."

"ఏటని రాసినాది?"

"ఆపరేటర్ వన్."

"ఇన్నావా అప్పా. ఒకటో నంబరట నాను. జైల్లో ఏత్తారు అలగ."

"నాన్నా, ఒక్కటి విను. తర్వాత నీ ఇష్టం." బిందు గొంతు పెరగలేదు. "ఇవాళ ఆయన అడిగేదానికి నువ్వు చెప్పే జవాబు బట్టి నా పీహెచ్‌డీ ఉంటుందో పోతుందో తేలిపోతుంది. నేను లెక్కలు మార్చేశానని ఆయన అనుమానం. అలా రాసి యూనివర్సిటీకి పంపితే మళ్లీ నన్ను ఎక్కడా తీసుకోరు. నాలుగేళ్లు నాన్నా."

నాలుగేళ్లు. భార్య ధనలక్ష్మి పోయిందీ నాలుగేళ్ల కిందటే. తల్లి పోయిన రెండో నెలలోనే కూతురు ఈ చదువులో చేరింది. వరహాలు దానికీ ఎవరినీ క్షమించలేదు.

పేపరు మడిచి పక్కన పెట్టాడు. బిందు మళ్లీ తలుపు వేసుకుంది.

పదకొండు దాటాక పెరటి గుమ్మంలోంచి తాతబాబు వచ్చాడు. ముప్ఫై ఏళ్ల స్నేహంలో అతను పెరటి దారిన రావడం ఇదే మొదలు. ఇంకా యార్డులో కాంట్రాక్టు మీద అదే క్రేను నడుపుతున్నాడు.

"ముందు తలుపు కనబళ్లేదేటి నీకు?" అన్నాడు వరహాలు.

"ఈదిలో ఎవుడైనా సూత్తే బాగోదు బావా."

"నువ్వు మా ఇంటికొత్తే బాగోపోడమేటి?"

"ఇవాళ బాగోదు. నాలుగ్గంటలకి ఆ ఉదయ్‌కుమార్ వత్తన్నాడు కదా."

వరహాలు అతని మొహం చూశాడు. ఈ సంగతి తనకు తెలిసి రెండు గంటలు కాలేదు.

"నీకెవుడు సెప్పినాడు?"

"అప్ప. నిన్న సాయింత్రం సేపల బండికాడ."

"నానేటి సెప్పినాను?" పెరట్లోంచి చిలకమ్మ అందుకుంది. "రేపు నాలుగ్గంటలకి ఇంటికి కంపినీ పెద్ద మనిషి వత్తన్నాడు, మంచి సేపలుంచరా అన్నాను. బండోడితో అన్నాను. ఈడు పక్కనుంటే నా తప్పా?"

నిన్న సాయంత్రం. అంటే అప్పకి తెలుసు, చేపల బండి వాడికి తెలుసు, తాతబాబుకి తెలుసు. ఇంటి యజమానికి ఇవాళ తెలిసింది. వరహాలు ఆ ముగ్గురినీ మనసులో ఒక పక్కన నిలబెట్టాడు.

"ఎందుకొచ్చినావో సెప్పు."

తాతబాబు బిందు తలుపు వైపు చూసి గొంతు దించాడు. "పుస్తకం నడక సంగతి ఆడికి సెప్పకు బావా."

యార్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో ఇప్పుడున్న వాళ్లకు తెలియదు. ఆఫీసు మనిషి పుస్తకం, గడియారం పట్టుకుని వెనక వచ్చి నిలబడితే ఆపరేటరు చెయ్యి నిదానిస్తుంది. గంటకు ఇరవైరెండు లిఫ్టులు వేసే చెయ్యి పదిహేను వేస్తుంది. ఒక్క పట్టులో చంపగలిగే ఊపుని మూడు పట్లలో చంపుతుంది. ఆ పదిహేనే పుస్తకంలో ఎక్కుతుంది. ఆ లెక్క మీదే మనుషుల్ని పెడతారు. పుస్తకం మెట్లు దిగిపోయాక చెయ్యి మళ్లీ మామూలే. పదిహేను లెక్కన పెట్టిన పనిలో అలా మిగిలే సమయం వల్ల కింద ఖలాసీలు చుట్టలకు గొలుసులు నింపాదిగా తగిలిస్తారు. నింపాదిగా తగిలిస్తే వేళ్లు పది ఉంటాయి. కొత్తవాడికి యార్డులో మొదటి రోజు నేర్పేది ఇదే, లీవరు పట్టడం తర్వాత.

వరహాలు చెయ్యి అందులో ఎంత ఆరితేరిందంటే, వెనక కూర్చున్నది ఎవరని అది అడగదు. పీట కంపెనీది, డబ్బాలు కంపెనీవి. పీట మీద ఉన్నది తన కూతురన్నది రెండో సంగతి. నలభై ఒక్క రోజులూ పుస్తకం నడకే నడిచింది ఆ చెయ్యి.

దొంగ పట్టుకుపోయింది నకిలీ సరుకు. ఈ నాలుగు రోజులుగా అతనికి మిగిలిన ఒక్క సంతోషం అది.

"ఆడికేటి తెలుస్తాది?" అన్నాడు.

"తెలిసిపోతన్నాది బావా. బరువెక్కువైతే కూత పెట్టే డబ్బా ఉన్నాది సూడు, అది లోపల అన్నీ రాసుకుంటాదట. మనకెవుడు సెప్పినాడు? నువ్వు రిటైరైన నెల తీసినాడు ఆడు. గంటకి ఇరవైరెండు. నీ గుంట కంప్యూటర్లో పదైదు. మిసనుకి పదైదే వచ్చు. మా సేతుల కన్నా ఎనకపడిపోనాది. మద్దెలో ఏడు ఎక్కడికెల్లిపోనాయి అంటన్నాడు."

"నాదొక్కడిదే తీసినాడా?"

"ఇప్పటికి. నువ్వు కావాలని నిదానించినావని తెల్సిందంటే మా అందరివీ తీత్తాడు. ఇరవైరెండు అవుద్దని తెల్సినాక ముగ్గురి పని ఇద్దరికి కడతాడు. మిసను బాగుపడేదాకా కూడా ఆగడు. పద్నాలుగు మందిమి బావా."

"అయితే నన్నేటి సెప్పమంటావు?"

తాతబాబు అరుగు మీద గోటితో గీత గీశాడు. "గుంట సదువుకున్నాది. ఇది కాకపోతే ఇంకోటి దొరుకుద్ది దానికి. మా మాటేటి?"

"బిందు లెక్కలు మార్చీసినాదని సెప్పమంటావు."

"నానలగ అన్లేదు."

"అన్నావు."

"ఊరుకో బావా. దొంగని నువ్వే అంటన్నావు కదా ఈదంతా. నానంటే తప్పొచ్చినాదా?"

వరహాలు లేచాడు. "లెగు. ముందు తలుపు నుంచి ఎల్లు. ఈదిలో అందరూ సూడాలి."

తాతబాబు ముందు తలుపు నుంచే వెళ్లాడు. వెళ్తూ వెనక్కి తిరిగి చూడలేదు. కాని గేటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. ఎవరికో వరహాలుకి తెలియలేదు.

ఉదయ్‌కుమార్ నాలుగింటికి కరెక్టుగా వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బూట్లు బయటే విడిచి, మేజోళ్లతో లోపలికి వచ్చి, గోడ మీద ధనలక్ష్మి ఫొటోకి దండం పెట్టాడు. ఇంత మర్యాద తెలిసిన మనిషిని చూస్తే వరహాలుకి మొదటినుంచీ భయం.

కూర్చోగానే ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

"అది మన మాటలు ఇంటన్నాదా బాబూ?" అన్నాడు వరహాలు.

"ఏది?"

"ఆ ఫోను."

ఉదయ్‌కుమార్ నవ్వాడు. ఫోన్ని తిప్పి చూపించలేదు, తీసి జేబులోనూ పెట్టుకోలేదు. సంచిలోంచి పలకలాంటిది తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద రెండు గీతలు.

"వరహాలు గారూ, ఈ నీలం గీత మీరు రిటైరైన నెల. ఎర్రది మీ అమ్మాయి తెచ్చిన డేటా. రెండూ ఒకే మనిషివంటే నాకు నమ్మకం కుదరడం లేదు."

"నేను ఒక్క అంకె కూడా మార్చలేదు సార్," అంది బిందు గుమ్మంలోంచి.

"నిన్ను అడగటం లేదమ్మా."

ఆ మాట మెత్తగానే అన్నాడు.

"నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి," అన్నాడు ఉదయ్‌కుమార్. "మీవాళ్ల ఉద్యోగాలు కాపాడదామని ఈ అమ్మాయి డేటాని నెమ్మది చేసి ఉండాలి. అదే అయితే సోమవారం స్పాన్సర్‌షిప్ రద్దు చేస్తాం, యూనివర్సిటీకి ఉత్తరం వెళ్తుంది. లేదా మీరే కావాలని నెమ్మదిగా నడిపారు. అదయితే యార్డులో ఇంకెంతమంది అలా నడుపుతున్నారో నేను చూసుకోవాల్సి వస్తుంది. మీరు పెద్దవారు. ఏది నిజమో చెప్పండి."

మార్చింది అంటే చాలు. ఒక్క మాట. పద్నాలుగు మంది బతికిపోతారు. దొంగకి శిక్ష పడుతుంది. ఆ మాట వరహాలు నాలుక మీదికి వచ్చింది కూడా.

గుమ్మం వైపు చూశాడు. బిందు తన వైపు చూడటం లేదు. నేల చూస్తోంది. బతిమాలడం లేదు, కోపంగానూ లేదు. తండ్రి ఏం చెప్పబోతున్నాడో తనకు ముందే తెలిసినట్టు, విని వెళ్లిపోవడమే మిగిలినట్టు నిలబడింది.

అది అతనికి నచ్చలేదు. తన నోట్లోంచి వచ్చే మాటని ముందే తీసేసుకునే హక్కు దానికి ఎవరిచ్చారు?

"రెండూ కాదు బాబూ," అన్నాడు. "నా సేతులు పోయినాయి."

"అంటే?"

"వణుకుతన్నాయి. రిటైరైన కాడ్నుంచి. మీరు పిలిత్తే పరువు కోసం ఎక్కినాను. పూర్వంలాగ నడవలేదు."

బిందు తలెత్తింది.

అప్పుడే చిలకమ్మ కప్పుల్లో, సాసర్లలో టీ తెచ్చింది. ముందు ఉదయ్‌కుమార్‌కి ఇచ్చింది. తర్వాత తమ్ముడికి. ఉదయ్‌కుమార్ తన కప్పు బల్ల మీద పెట్టేసి, వరహాలు చేతి వైపు చూస్తూ కూర్చున్నాడు.

వరహాలు సాసరు అందుకున్నాడు. చెయ్యి రాయిలా నిలబడింది. వణకమంటే వణకదు. రెండు టన్నుల చుట్టని వ్యాగను అంచుకి వేలెడు దూరంలో ఆపిన చెయ్యి అది. దానికి ఒకరు చెబితే వణకడం రాదు.

మణికట్టు సడలించాడు. ఇంకాస్త. కప్పు సాసరులో టకటకమంది. టీ ఒలికి పంచె మీద పడింది. కాలింది. అయినా చెయ్యి వెనక్కి తీయలేదు.

"ఓలమ్మ! ఏట్రా అది?" అంది చిలకమ్మ.

"ఏటీ లేదు. నువ్వు లోపలికెల్లు."

ఈ ఇంట్లో, ధనలక్ష్మి ఫొటో కింద, నా చేతులు పోయాయని నోటితో అన్నాడు, చేత్తో చూపించాడు. పెళ్లయిన రోజు నుంచీ ఆమెకి అతను చెప్పుకున్న గొప్ప ఒక్కటే, ఆ చేతులు. వరహాలు ఫొటో వైపు చూడలేదు.

ఉదయ్‌కుమార్ మొహంలో జాలి లాంటిది కనిపించింది. "అయ్యో, ముందే చెప్పాల్సింది," అన్నాడు. సంచిలోంచి తెల్ల కాగితం తీసి తెలుగులోనే నాలుగు వాక్యాలు రాశాడు. డేటా తీసిన రోజుల్లో తనకు చేతుల వణుకు ఉందనీ, ఆ సంగతి కూతురికి గాని కంపెనీకి గాని చెప్పలేదనీ, క్రేను నిదానానికి కారణం అదేననీ. రాసినది పైకి చదివాడు.

"ఒప్పుకుంటే సంతకం పెట్టండి. అమ్మాయి మీద మచ్చ ఉండదు."

వరహాలు పెన్ను తీసుకున్నాడు. ఊళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. అక్షరం వంకర పోతే పంతులు వేళ్ల కణుపుల మీద బద్దతో కొట్టేవాడు. ఆ రోజుల నుంచీ సంతకం పెట్టాలంటే కాగితం నిటారుగా తిప్పుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దడమే అతనికి తెలుసు. అలాగే దిద్దాడు. ఇంటిపేరు, వ, ర, హా. చివర లు కొమ్ము తిప్పి పైకెత్తాక గాని చేసిన తప్పు అతనికి తెలిసిరాలేదు.

అచ్చు గుద్దినట్టుంది సంతకం.

ఉదయ్‌కుమార్ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత సాసరులో ఒలికిన టీ వైపు చూశాడు.

"బాగుంది మీ చేతిరాత," అన్నాడు.

కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక పని చేద్దాం. సోమవారం పదింటికి యార్డుకి రండి. క్యాబిన్ ఎక్కి ఒక గంట నడపండి. పీట మీద నేను కూర్చుంటాను, నాతో డాక్టరు ఉంటారు. చెయ్యి నిజంగా పోయిందని ఆయన అంటే ఈ ఫైలు అక్కడే మూసేస్తాను. అమ్మాయి వేరే ఆపరేటరుతో మళ్లీ మొదలుపెట్టుకుంటుంది."

"పోలేదంటే?"

ఉదయ్‌కుమార్ బోర్లా ఉన్న ఫోన్ తీసుకున్నాడు. దాని మీద వేలితో ఏదో నొక్కి ఆపాడు. అప్పటిదాకా ఏం నడుస్తోందో మరి. "పోయిందని మీరే అన్నారు కదా," అని బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

కారు సందు మలుపు తిరిగేదాకా ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు.

చిలకమ్మ వచ్చి తమ్ముడి రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎప్పట్నుంచిరా ఈ వణుకు? నాకు సెప్పనేలేదు."

"లేదప్పా."

"మరి టీ?"

"లేదన్నాను కదా."

చిలకమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చేతులు వదిలేసి, ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. అక్కడ గిన్నెల చప్పుడు కూడా వినిపించలేదు.

బిందు గుమ్మం దాటి వచ్చి తండ్రి ఎదురుగా, ఉదయ్‌కుమార్ లేచిన కుర్చీలో కూర్చుంది.

"ఎందుకు అలా చెప్పావు నాన్నా?"

"నీకోసం కాదు."

"తెలుసు."

"తాతబాబు కోసమూ కాదు."

"అదీ తెలుసు." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నాకు మూడో రోజే తెలుసు నాన్నా."

"ఏటి తెలుసు?"

"నువ్వు నడుపుతున్నది నీ నడక కాదని. ఆ రోజు ఎండకి లాప్‌టాప్ వేడెక్కిపోతే మూసేసి నీళ్లు తాగుతున్నాను. నువ్వు వెనక్కి ఒకసారి చూశావు. చుట్ట లేపావు, ఒక్క పట్టు, ఊపు చచ్చింది. చుట్టని వ్యాగన్లో పెట్టేశావు. నేను మళ్లీ తెరిచాను. తర్వాత చుట్టకి మూడు పట్లు."

ఆ మూడో రోజు వరహాలుకి గుర్తుంది. ఆ నీళ్ల సీసా కూడా గుర్తుంది.

"మర్నాడు కావాలనే మూశాను. మళ్లీ ఒక్క పట్టు. తెరిచాను, మూడు. ఆ తర్వాత పరీక్షించడం మానేశాను. ముప్ఫై ఏడు రోజులు నీ వెనక కూర్చున్నాను నాన్నా. రోజూ పొద్దున మెట్లెక్కుతూ అనుకునేదాన్ని, ఇవాళ నడుపుతాడు, నేను తెరిచి ఉండగా ఒక్క గంట నడుపుతాడు అని."

"అది కంపినీ పీట."

"కూర్చున్నది నేను."

"కంపినీ పీట మీద కూకున్నోళ్లు కంపినీ మనుషులే."

"అమ్మ కూర్చుంటే?"

వరహాలు ఆమె వైపు చూశాడు. బిందు చూపు తిప్పుకోలేదు. ధనలక్ష్మి కూడా ఇంతే, అడగకూడనిది అడిగి, జవాబు వచ్చేదాకా కళ్లు తిప్పేది కాదు.

వరహాలే ముందు చూపు దించుకున్నాడు.

ఆ తర్వాత అసలు సంగతి అతనికి తట్టింది. తెలిసి కూడా ఆ పదిహేనుని కంపెనీకి అప్పజెప్పింది ఇది. తప్పు సరుకని తెలిసి థీసిస్‌లో రాసింది. అంటే ఉదయ్‌కుమార్ అనుమానం పూర్తిగా తప్పు కాదు. అంకె మార్చలేదు, నిజమే. కాని నోరు మూసుకుంది. ఎందుకు? పద్నాలుగు మంది కోసమా? ట్రయల్ పాడైతే కంపెనీ మిషనుని మూలన పడేస్తుందనా? లేక తనని నలుగురిలో నిలబెట్టి, నీ పుస్తకం నడక నీ మీదికే వచ్చింది చూడు అనడానికా?

"తెలిసి ఎందుకు రాశానో అడగవా?" అంది బిందు. "అడుగు. చెబుతాను. అబద్ధం చెప్పను."

వంటింట్లో చిలకమ్మ వింటోంది. వీధిలో ఎవరిదో బండి ఆగింది. అది తాతబాబుదే కావచ్చు, కాకపోవచ్చు. వరహాలు లేచి చూడలేదు.

అడిగితే జవాబు వస్తుంది. ఆ జవాబు మంచిదైతే నాలుగు రోజులుగా వీధంతా అన్న మాట వెనక్కి తీసుకోవాలి, కూతురి ముందు తలవంచాలి. చెడ్డదైతే సోమవారం క్యాబిన్ ఎక్కడానికి కాళ్లు రావు. మంచి జవాబైతేనే ఎక్కువ భయంగా ఉంది.

"అడగను," అన్నాడు.

"నాన్నా..."

"అడగనన్నాను. సోమవారం పదింటికి ఎల్తాను. మెట్లెక్కుతాను. ఆడు ఎనక కూకుంటాడు, డాక్టరు సూత్తాడు. అక్కడ నా సెయ్యి ఏటి సెయ్యాలో నానూ నా సెయ్యీ సూసుకుంటాం. నువ్వు రాకు."

"వస్తాను. నా చదువూ ఆ క్రేను మీదే ఉంది."

"వత్తే కింద నిల్చో. పైకెక్కకు." వరహాలు సంతకం పెట్టిన పెన్నుని ఉదయ్‌కుమార్ బల్ల మీద మరిచిపోయి వెళ్లాడు. మరిచిపోయాడో, వదిలి వెళ్లాడో. వరహాలు దాన్ని ముట్టుకోలేదు. "ఇంకొకటి. నువ్వెందుకు రాసినావో, నానెందుకు అలగ నడిపినానో, ఇందాక ఈ కుర్సీలో కూకుని ఆడితో ఏటన్నానో, ఈ మూడూ ఈ ఇంట్లో మరి మాటల్లోకి రాకూడదు. మీ అత్త అడిగినా, తాతబాబు అడిగినా, కోర్టోడు అడిగినా నాను నోరు ఇప్పను. నువ్వు ఎత్తితే ఇనను. సచ్చేదాకా ఇనను."